తెల్ల తీగ, తడి చొక్కాలు

ఆ రోజుల్లో మస్కట్ పక్కనున్న రూవిలో కరెంటుకి కూడా శుక్రవారం సెలవుంటుందని మేమంతా గట్టిగా నమ్మేవాళ్ళం. వారమంతా ఏదో ఒకలా పనిచేసేది గాని, శుక్రవారం మధ్యాహ్నం కంపెనీలు మూతపడి, బ్యాచిలర్ ఫ్లాట్లలో జనం భోజనాలు ముగించి ఫ్యాన్ల కింద నడుం వాల్చే వేళకి అదీ నడుం వాల్చేది. డెబ్భైల నడిమి సంవత్సరాలవి. ఊరు ఊరంతా కట్టుబడిలో ఉండేది. ఎటు చూసినా తవ్వి పడేసిన రోడ్లు, సగం లేచిన గోడలు, వాటి వెనక ఎండకి కాలిపోతున్న కొండలు. అలాంటి ఊళ్ళో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన కుర్రాడికి ఎంత గిరాకీ ఉంటుందో, ఆ గిరాకీకి వాడి తల ఎంత తిరుగుతుందో మీరు ఊహించుకోవచ్చు. నాకు తెలియని తీగ ఈ భూమ్మీద లేదనుకునేవాణ్ణి. చొక్కా జేబులో టెస్టర్‌ని పెన్నులాగా పైకి కనిపించేలా పెట్టుకుని తిరిగేవాణ్ణి. (దాన్ని జేబులోంచి తీసి వాడే అలవాటు అంతగా ఉండేది కాదు. కనిపించడమే ముఖ్యం.) ఇప్పుడు నాకు తెలియని విషయాలు చాలానే ఉన్నాయని తెలిసింది గాని, అప్పటి ధీమా మాత్రం మళ్ళీ రాలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ కుర్రాడే ఇష్టం.

మా కంపెనీ మేనేజరుగారు రాజమండ్రి మనిషి. మాట తక్కువ, కంగారు ఎక్కువ. ఆయన భార్యని మేమంతా అక్కయ్యగారు అనేవాళ్ళం. రూవిలో పోపు వాసన వచ్చే ఇల్లు మాకు అదొక్కటే తెలుసు కాబట్టి, సెలవు రోజున బ్యాచిలర్లందరం ఏదో ఒక వంకతో అక్కడ తేలేవాళ్ళం. ఆ ఇంట్లో అంతకు ముందు అమెరికా ఇంజనీర్లు ఉండేవారు. కాంట్రాక్టు అయిపోయి వెళ్తూ వెళ్తూ, మోసుకెళ్ళే ఓపిక లేక, ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె, కాఫీ కాచే పొడుగాటి కూజా, రొట్టె కాల్చే పెట్టె అన్నీ అక్కడే వదిలేశారు. అవి ఊళ్ళో ఇంకెవరికీ పనికిరావు. ఎందుకంటే మిగతా ఇళ్ళన్నిటికీ మన దేశంలోలాగే రెండువందల చిల్లర వోల్టులు, ఈ సామాన్లకి కావలసింది నూటపది. అమెరికా వాళ్ళు ఈ ఒక్క ఇంటికి బయట స్తంభం మీద తమ పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టించుకుని, దాన్నుంచి తమ పద్ధతిలోనే తీగలు లోపలికి లాక్కున్నారు. ఆ పద్ధతేమిటో కనుక్కోవాలని నాకు తోచలేదు. ఎవరి ఇంట్లోనైనా కరెంటు కరెంటే కదా అనుకున్నాను.

వాళ్ళు వదిలేసిన వాటిలో అన్నిటికన్నా గొప్పది ఒక చిన్న సినిమా ప్రొజెక్టర్. దాన్ని చూసినప్పటి నుంచి అక్కయ్యగారికి కన్నూ మనసూ దాని మీదే. ఎవరెవరినో పట్టుకుని, ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి, చివరికి బొంబాయి నుంచి ఒక తెలుగు సినిమా రీళ్ళు తెప్పించారు. మంచి ఏడుపు సినిమా. ఒకే ఒక్క శుక్రవారం మన దగ్గర ఉంటుంది, ఆ సాయంత్రమే విమానమెక్కి బహ్రెయిన్‌లో మరో తెలుగువాళ్ళ గుంపు దగ్గరికి పోవాలి. మధ్యాహ్నం ఆడించకపోతే ఇక లేనట్టే. యంత్రం తిప్పడానికి మత్రా బజారు నుంచి ఒక బొంబాయి ఆయన వస్తానన్నాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు రీలు భాయ్. ఈ కబురు ఎలా పాకిందో, సముద్రం పక్కనే చాలా దూరాన ఉన్న మా సహం సైట్ దాకా వెళ్ళిపోయింది. అక్కడ పనిచేసే వాళ్ళంతా కరీంనగర్ వైపు వాళ్ళు. వాళ్ళ పెద్దమేస్త్రి, తలకి తువ్వాలు చుట్టుకుని ఎప్పుడూ ఒక కన్ను చికిలించి చూసే మనిషి, నేను డ్యూటీ మీద వెళ్ళినప్పుడు నన్ను పక్కకి పిలిచాడు.

“సార్, మావోళ్ళు తెలుగు సినిమా జూడక మూడేండ్లాయె. పాట ఇనుడు గూడ లేదు. అందరం లారీల అస్తం. గని శుక్రారం కరెంటు వోతది గద, అప్పుడెట్ల?”

“నేనుండగా కరెంటు పోతే ఏంటి మేస్త్రీ? జనరేటర్ తెచ్చి ఇంటికి కలిపేస్తాను. మీరు తల దువ్వుకుని వచ్చి కూర్చోండి, చాలు” అన్నాను.

“మాట ఇచ్చినవ్ మల్ల. గింతదూరం అచ్చి వట్టిగ వోతే మా పోరగాండ్లు ఏడుస్తరు సార్.”

“ఏడుస్తారు మేస్త్రీ, సినిమా చూసి ఏడుస్తారు” అన్నాను. ఎంత బాగా అన్నానో అని ఆ రోజంతా నాలో నేనే మురిసిపోయాను.

శుక్రవారం పొద్దున్నే కంపెనీ జనరేటర్‌ని పికప్ మీద వేసుకుని దిగాను. రెండు తీగల ఇంగ్లీషు యంత్రం, రెండువందల నలభై వోల్టులది. ఇంటి సామాన్లు నూటపదివన్న సంగతి ఆ పూట నా బుర్రకి తట్టనే లేదు. ముందు ఇంటి మెయిన్ పీకేసి, ఫ్యూజులు జేబులో వేసుకున్నాను. (ఆ ఒక్క విషయంలో మాత్రం నన్నెవరూ వేలెత్తి చూపలేరు. మెయిన్ పీకకుండా జనరేటర్ కలిపితే మన కరెంటు వీధిలోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే వాడి ప్రాణం తీస్తుంది.) తర్వాత వరండాలో ఉన్న బోర్డు మూత తీశాను. లోపల మూడు తీగలు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. మా డిప్లొమా మాస్టారు బెత్తం పట్టుకుని మరీ నేర్పిన పాఠం నా కళ్ళ ముందు మెరిసింది: ఎరుపు కరుస్తుంది, నలుపు కరవదు, పచ్చది భూమిలోకి పోతుంది. ఎరుపు దొరికింది, నలుపు దొరికింది. జనరేటర్‌కి ఉన్నవీ రెండే. ఇంతకన్నా పొందిక ఇంకేం కావాలి? మరి తెల్లది ఎందుకున్నట్టు? ఒక్క క్షణం ఆలోచించాను. అమెరికా వాళ్ళు దుబారా మనుషులు, కారుకి అదనంగా ఒక చక్రం పెట్టుకున్నట్టే ఇంటికి అదనంగా ఒక తీగ పెట్టుకున్నారని తేల్చాను. దానికి నల్ల టేపు నీటుగా చుట్టి, మెలికేసి, మూలకి పడుకోబెట్టాను. ఆ టేపు చుట్టిన తీరు చూస్తే మా మాస్టారు పూర్తి మార్కులు వేసేవారు.

జనరేటర్ తాడు లాగి, హాల్లోవీ వంటింట్లోవీ దీపాలన్నీ వేయించాను. ఇల్లంతా పెళ్ళివారి ఇల్లులా వెలిగింది. మేనేజరుగారు కంగారుగా గోడలన్నీ తడిమి చూసి, ఏమీ కాలడం లేదని నిర్ధారించుకుని, “పరవాలేదే!” అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం మామూలు విషయం కాదు. ఫ్రిజ్జునీ, ఏసీనీ, ఫ్యాన్లనీ మాత్రం జనరేటర్‌కి భారమని ముందే ఆపించాను. అనుకున్నట్టే భోజనాల వేళ దాటగానే వీధిలో కరెంటు పోయింది. చుట్టుపక్కల ఇళ్ళ ఏసీలన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. నేను మాత్రం వరండాలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

లారీ వచ్చింది. దారి పొడుగునా దుమ్ము తిని, చెమటకి తడిసి, నలిగి ముద్దయిన చొక్కాలతో సహం జనం దిగారు. అయినా ఒక్కొక్కడి తలా నూనె రాసి నున్నగా దువ్వి ఉంది. కిటికీలకి దుప్పట్లు కట్టి చీకటి చేసిన హాల్లో, తెల్ల దుప్పటి కట్టిన గోడకేసి, చాపల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఏసీ లేదు, ఫ్యాన్ లేదు, ఊపిరాడ్డం లేదు, కానీ ఒక్కడూ చాప మీంచి లేవలేదు. పెద్దమేస్త్రి అందరి వెనకా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను మంత్రిగారిలా చెయ్యెత్తి, “హాల్లో దీపాలు ఆర్పండి, ప్రొజెక్టర్ వేయండి” అన్నాను.

రీలు భాయ్ మీట నొక్కాడు. గోడ మీద చల్లారిన గంజిలాంటి వెలుతురు ఒకటి కదిలింది. అందులో ఎవరో ఒక మనిషి ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. సంగీతం మొదలై, బావిలో పడ్డట్టుగా లోతుకి జారిపోయింది. అదే సమయంలో వంటింట్లోంచి తెల్లటి కాంతి హాల్లోకి కొట్టింది. అంత కాంతి నేను అంతకు ముందు ఏ బల్బులోనూ చూడలేదు. ఠప్పుమని ఒక బల్బు పేలింది. ఆ వెంటనే వంటింటి వెనక స్నానాల గదిలో ఇంకొకటి పేలింది. “ఏమండోయ్, నేను లోపలున్నానండోయ్!” అని మేనేజరుగారి కేక. గోడ మీది వెలుతురు పూర్తిగా చచ్చిపోయింది. బయట జనరేటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు దడదడలాడుతూనే ఉంది.

“గిదేనా సార్ సినిమా?” అన్నాడు పెద్దమేస్త్రి చీకట్లోంచి. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అందుకే నాకు మరీ చిన్నతనంగా అనిపించింది. ఇన్ని తలలు నూనె రాసుకుని వచ్చాయి నా మాట నమ్మి. ఇక్కణ్ణుంచి వీళ్ళని వట్టిగా పంపిస్తే ఆ సైట్‌కి నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? నా మొహం సంగతి సరే, వీళ్ళు మళ్ళీ ఎప్పుడు చూస్తారు? చెమటలు అప్పటికే పడుతున్నాయి గాని, అప్పుడు పట్టినవి వేరే రకం చెమటలు. వరండాలోకి పరిగెత్తి బోర్డు ముందు నిలబడ్డాను. హాలుకీ వంటింటికీ ఉన్న చిన్న ఫ్యూజులు బాగానే ఉన్నాయి. తీగలు బాగానే ఉన్నాయి. మొట్టమొదటిసారి జేబులోంచి టెస్టర్ తీశాను.

అంతలో హాల్లోంచి పెద్ద ఈల! లోపలికి తొంగి చూద్దును కదా, గోడ మీద హీరో నిలబడి ఉన్నాడు. కొంచెం మసగ్గా, కొంచెం మత్తుగా మాట్లాడుతున్నాడు గాని, నిలబడ్డాడు! నేనేం చేశానో నాకే తెలియదు. కాసేపటికి హీరో మళ్ళీ మాయమైపోయాడు. వంటింట్లోకి వెళ్తే అక్కయ్యగారు కాఫీ కూజా మూత తీసి చూస్తున్నారు.

“ఏం చేశారండీ అక్కయ్యగారూ?”

“ఏం చేశాను నాయనా, బొమ్మ ఎలాగూ రావడం లేదు, పాపం వాళ్ళకి గుక్కెడు కాఫీ అయినా పోద్దామని ఇది పెట్టాను. మరిగింది, తీసేశాను.”

“మళ్ళీ పెట్టండి.”

పెట్టారు. హాల్లో ఈలలు. “తీయండి.” హాల్లో హాహాకారాలు. “పెట్టండి.” ఈలలు. ఆవిడ నాకు పిచ్చెక్కిందేమోనని నా కళ్ళలోకి చూశారు. పిచ్చి కాదు, అప్పుడే నాకు జ్ఞానోదయమైంది. అమెరికా వాళ్ళ పద్ధతిలో ఎరుపూ కరుస్తుంది, నలుపూ కరుస్తుంది. తెల్లది ఆ రెండిటికీ సరిగ్గా నడుమ నిలబడి, హాలు వాటాకి ఒక నూటపది, వంటింటి వాటాకి ఒక నూటపది పంచిపెట్టే పెద్దమనిషి. ఆ పెద్దమనిషికే నేను టేపు చుట్టి మూలన పడుకోబెట్టాను. పంచేవాడు లేకపోయేసరికి రెండు వాటాలూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎవరి మీద బరువు, అంటే కరెంటు లాగే సామాను, తక్కువుంటే వాళ్ళు వోల్టులు ఎక్కువ లాక్కుంటారు. పొద్దున అన్ని దీపాలూ సమంగా వెలిగించి చూశాను కాబట్టి గుట్టు బయటపడలేదు. ప్రొజెక్టర్ వేయగానే బరువు తక్కువున్న వంటింటి వైపు బల్బులు పేలాయి, అవి పోయేసరికి కరెంటుకి దారే తెగిపోయింది. ఇప్పుడు హాల్లో ప్రొజెక్టర్‌కి సమానమైన బరువు వంటింట్లో ఉంటేనే హీరో నిటారుగా నిలబడతాడు.

పోనీ తెల్ల తీగని తీసుకొచ్చి కలుపుదామా అంటే, రెండు తీగల జనరేటర్‌లో దానికి చోటే లేదు. నడుమ ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. అది కంపెనీ స్టోరులో ఉంది, స్టోరు తాళంచెవి మా కంపెనీ పెద్దసారుతో కలిసి ఎక్కడో దూరాన సలాలా ఊళ్ళో ఉంది. సినిమాకి సాయంత్రం విమానం ఉంది. కాబట్టి ఆ పెద్దమనిషి పని ఆ పూటకి నేనే చేయాలని నిశ్చయించుకున్నాను. (ఈ కాలపు కుర్రాళ్ళకి మనవి: మీరు చేయకండి. ఇల్లు తగలబడుతుంది. మాది తగలబడకపోవడానికి నా తెలివి కొంత, ఆ ఇంటి దేవుడి దయ చాలా.)

కాఫీ కూజాకి బరువు చాలడం లేదు. హీరోయిన్ తల్లి గొంతు మగవాడి గొంతులా వస్తోంది. ఇస్త్రీపెట్టె అడిగాను. అది తగిలించగానే, అబ్బ, ఏం చెప్పమంటారు! గోడ మీద బొమ్మ తళుక్కుమంది, మాట గలగలమంది, హాలంతా చప్పట్లు. అక్కడితో అయిపోతే బాగుండేది. కాసేపటికి ఇస్త్రీపెట్టె వేడెక్కి, తన బుద్ధి చొప్పున టిక్కుమని ఆగిపోయింది. హీరో మళ్ళీ మాయం. దాన్ని ఆగకుండా ఉంచాలంటే చల్లబరుస్తూ ఉండాలి. పక్కన ఉతికి పిండిన మేనేజరుగారి లాల్చీ ఉంటే దాని మీద పెట్టాను. బుస్సుమని ఆవిరి లేచింది, టిక్కుమని కరెంటు వచ్చింది, హీరో తిరిగొచ్చి వదిలేసిన డైలాగు అందుకున్నాడు. ఉపాయం దొరికింది. వంటింటి గుమ్మంలోంచి అరిచాను: “మేస్త్రీ! తడిబట్టలు కావాలి! ఆగకుండా ఇస్త్రీ చేస్తూ ఉండాలి!”

పెద్దమేస్త్రి ఎందుకని అడగలేదు. “అరేయ్, అంగీలిప్పుండ్రిరా!” అన్నాడంతే. ఉక్కపోతకి ఎప్పుడెప్పుడా అని చూస్తున్న జనం క్షణంలో బనియన్ల మీదికి దిగారు. చొక్కాలన్నీ బకెట్‌లో ముంచి, పిండి, వరసగా అందించారు. ఇద్దరిద్దరు వంతులు వేసుకుని వంటింట్లో ఇస్త్రీ. నేను వరండాలో, పికప్‌లోంచి తెచ్చి హాలు వాటాకి తగిలించిన వోల్టుమీటర్ చూసుకుంటూ, “నెమ్మదిగా రుద్దు! ఇంకో తడిది వెయ్యి! కాఫీ తీసెయ్యండి అక్కయ్యగారూ!” అని అరుస్తూ ఉన్నాను. ముల్లు నూటపది దగ్గర కొట్టుకుంటూ నిలబడింది. అంతమంది సైన్యాన్ని నడిపించడం నాకు పుట్టుకతోనే వచ్చినట్టు అనిపించింది.

అంతా సాగుతుండగా మేనేజరుగారు సాయం చేయాలనుకున్నారు. కంగారు మనుషులు సాయానికి దిగితే దేవుడే దిక్కు. ఇస్త్రీపెట్టె వేస్తేనే ఇంత బాగుంటే ఇంకోటి వేస్తే ఇంకా బాగుంటుందని లెక్కవేసి, రొట్టె కాల్చే పెట్టె కూడా తగిలించారు. సరిగ్గా హీరోయిన్ పుట్టింటి నుంచి వెళ్ళిపోతూ వెక్కి వెక్కి ఏడ్చే ఘట్టం. గోడ ఒక్కసారిగా పాలతెలుపై, ఆ పిల్ల పిచ్చికలా కిచకిచలాడుతూ మహా జోరుగా ఏడవడం మొదలుపెట్టింది. ముల్లు పైపైకి పోతోంది. ప్రొజెక్టర్ బల్బు పోతే మస్కట్ మొత్తంలో ఇంకోటి దొరకదని రీలు భాయ్ నెత్తి బాదుకుంటున్నాడు. “అరే లాంప్ జాయేగా భాయ్! దూస్‌రా లాంప్ పూరే మస్కట్ మే నహీ హై! లాంప్ గయా తో పిక్చర్ ఖతమ్!” నేను వరండాలోంచి ఒక్క గెంతులో వంటింట్లో పడి రొట్టెల పెట్టె తీగ పట్టి లాగేశాను. లాంప్ పోయిందనే అనుకున్నాను. తర్వాత ఆ పిల్ల గొంతు నెమ్మదించి మామూలు ఆడపిల్ల గొంతైంది. ఆ వెనకే చాపల మీద ఎవరో ముక్కు చీదిన చప్పుడు, ఇంకొకరు, మరొకరు. ఇంత గడ్డాలూ మీసాలూ ఉన్న మగవాళ్ళు చీకట్లో గుట్టుగా ఏడుస్తున్నారు. ఆ రోజు నా మీద నాకు కలిగినంత ఇష్టం మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆఖరి రీలు ఎక్కించే వేళకి వీధిలో ఏసీలన్నీ గుర్రుమన్నాయి. కరెంటు వచ్చేసింది. జనరేటర్ తీసేసి, తెల్ల తీగని టేపు విప్పి మళ్ళీ కలిపి, జేబులోని ఫ్యూజులు పెట్టేస్తే, అది తన పని తాను చూసుకుంటుంది, ఇస్త్రీతో పని లేదు. వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. పెద్దమేస్త్రి చేతిలో ఇస్త్రీపెట్టె, ముందు తడి చొక్కా, పక్కన బకెట్‌లో ఇంకొన్ని. తల అటు తిప్పి, గుమ్మంలోంచి గోడకేసి చూస్తూనే ఉన్నాడు.

“అద్దు సార్, ఇప్పుడు ఆపకు” అన్నాడు. “సినిమల ఆమెకు తప్పిపోయిన కొడుకు దొరికేటట్టున్నడు. మల్ల ఇంకింత మంది అంగీలు గూడ మిగిలినయ్. సగం మంది కడక్‌గ, సగం మంది ముద్దగ వోతే కొట్లాడుకుంటరు.”

ఆపలేదు. వీధిలోని కరెంటుని వీధిలోనే ఉండనిచ్చి, నా జనరేటర్ మీదే సినిమా అయిపోనిచ్చాను. ఆమె కొడుకు దొరికాడు. హాల్లో ఈలలు, ఏడుపులు, చప్పట్లు అన్నీ కలిసిపోయాయి. రీలు భాయ్ డబ్బాలు సర్దుకుని పికప్ ఎక్కి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాడు. దుమ్ము కొట్టుకుని వచ్చిన జనం, మడత నలగని చొక్కాలు గుండీలు మెడదాకా పెట్టుకుని, పెళ్ళివారిలా లారీ ఎక్కారు. కూర్చుంటే నలుగుతాయని కొందరు నిలబడే ఉన్నారు. పెద్దమేస్త్రి ఆఖర్న ఎక్కుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. “సార్, నువ్వు జూసినవా సినిమా?” అన్నాడు. చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. “మల్ల ఎప్పుడన్న జూడు సార్. మస్తుంటది” అన్నాడు. లారీ సహం దారి పట్టేదాకా అక్కడే నిలబడ్డాను.

మొన్నామధ్య అదే సినిమా టీవీలో వచ్చింది. మా ఆవిడ పిలిచి, మెత్తటి కుర్చీలో, ఏసీ ఎదురుగా కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ మొహాలు నింపాదిగా చూశాను. ఆ రోజు వరండాలోంచి విన్న మాటలన్నీ ఇప్పటికీ గుర్తే గాని, హీరో నేననుకున్నట్టు లేడు, ఆ పిల్లా నేననుకున్నట్టు లేదు. కాసేపు కూర్చుని, మెల్లగా లేచి, వరండాలోకి వెళ్ళి మీటర్ బోర్డు పక్కన గోడకి ఆనుకున్నాను. సినిమాలో ఆ పిల్ల పుట్టింటి నుంచి వెళ్ళిపోయే ఘట్టం రాబోతోంది.

“అదేమిటండీ, అక్కడ నిలబడితే ఏం కనిపిస్తుంది?” అంది మా ఆవిడ లోపల్నుంచి.

“ఇక్కణ్ణుంచే బాగుంటుందిలే” అన్నాను.